పద్నాలుగో పుట

నేను ఒక సైటు రిజిస్టరును. ఓదెలు మేస్త్రీ చనిపోయిన రోజు నన్ను సిమెంటు బస్తా మీద నుంచి తీసి, గుడ్డసంచిలో వేసి, మూతి కట్టి లక్క ముద్ర వేశారు. "పుస్తకం జాగ్రత్త, ఏం జరిగిందో అందులోనే ఉంది" అని ఎవరో అన్నారు. నాలో ఏముందో నాకు అప్పుడు తెలియదు. ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

నేను కరీంనగర్‌లో ఒక చిన్న ప్రెస్సులో తయారయ్యాను. నాలో ఒక్కో పుటకు మూడు కాగితాలు. తెల్లది ఇంటి యజమానికి, పసుపుది మేస్త్రీకి, గులాబీరంగుది నాతోనే ఉంటుంది. ఆర్కిటెక్టు సైటుకు వచ్చిన రోజున తాను చూసినదీ చెప్పినదీ రాయాలి. విన్నానని మేస్త్రీ కింద సంతకం చేయాలి. అది వాళ్ల వృత్తి నియమం.

నన్ను కొన్న ఆర్కిటెక్టు పేరు కస్తూరి. ఆమెకు తొమ్మిది సైట్లు ఉండేవి. నేను ఉన్నది జమ్మికుంటలో కడుతున్న ఒక రెండంతస్తుల ఇంట్లో. ఆమె పని తెలిసిన మనిషి, ఇనుప చువ్వల మధ్య దూరం కంటితోనే చెప్పేది. కానీ అన్ని చోట్లకూ వెళ్లలేక ఫోనులో చెప్పి, వీలైన రోజున వచ్చి గడిచిన తేదీలన్నీ ఒకేసారి వేసి రాసేది. మనుషులు నియమాన్ని మీరినా దాని పుటలను మాత్రం ఖాళీగా ఉంచరు.

సజ్జకు కాంక్రీటు పోసిన సోమవారం ఆమె రాలేదు. ఫోను చేసింది. నేను విన్నది ఓదెలు మాటలే. "ఆఁ మేడం. గట్లనే మేడం." దేనికి గట్లనే అన్నాడో నాకు తెలియదు.

ఎనిమిదో రోజున ఆమె వచ్చి, నిలబడే మూడు పుటలు నింపి అతని ముందు పెట్టింది. పదకొండేళ్లుగా ఆమె దగ్గర పనిచేసినవాడు, చనువు ఎక్కువ.

"ఒక్క పెన్నుతోని మూడు సంతకాలా మేడం? గిట్లయితే నేను గూడ పెద్ద ఆఫీసర్నే."

"చెయ్యవయ్యా ఆఫీసరూ, ఎండ ముదురుతోంది."

అతను లుంగీకి చేతులు తుడుచుకుని, నా మీద మరక పడకుండా సంతకాలు చేశాడు. పద్నాలుగో పుటలో, కాంక్రీటు పోసిన సోమవారం తేదీ కింద ఇలా ఉంది: "ఇనుము సరిచూశాను. సజ్జ కింది గుంజలు ఇరవై ఒక్క రోజులు తీయరాదు."

మర్నాడు పొద్దున, కాంక్రీటు గట్టిపడేదాకా సజ్జను మోయాల్సిన ఆ గుంజలను ఓదెలు తీయించాడు. వేరే ఇంటి పనికి అవి కావాలి. సజ్జ విరిగి అతని మీదే పడింది.

ప్రమాదం మీద అధికారులు మొదటి నివేదికను నన్ను చూసే రాశారు. రాతపూర్వకంగా చెప్పినా వినని మేస్త్రీ నిర్లక్ష్యమే కారణమని అందులో ఉంది. తర్వాత నన్ను హైదరాబాదులో, ఆర్కిటెక్టుల నడవడిని విచారించే సంఘం ముందు పెట్టారు. అధ్యక్షుడు పెద్దాయన. పద్నాలుగో పుట తిప్పి, కస్తూరితో "రిజిస్టరు స్పష్టంగా ఉందమ్మా. ఇది సరైనదేనని సంతకం పెడితే మీ మీద ఏమీ ఉండదు" అన్నాడు.

వెనక కుర్చీలో ఉన్న ఓదెలు భార్య రాజవ్వ లేచింది.

"మా ఆయనకు సదువు రాదు సారూ. సంతకం ఒక్కటి మా బిడ్డ నేర్పింది. ఎవలన్నా సదివి చెప్తే ఇంటడు. మేడం చెప్పిన మాట ఎన్నడు జవదాటలే."

కస్తూరి చేతిలోని పెన్ను కింద పెట్టింది.

"ఆ తేదీన నేను సైటుకు వెళ్లలేదు సార్. ఎనిమిదో రోజున రాశాను. అతనికి చదివి వినిపించలేదు."

"ఫోనులో ఇరవై ఒక్క రోజులని చెప్పారా?"

"ఎప్పుడూ చెప్తాను. ఆ రోజు చెప్పానో లేదో గుర్తు లేదు."

"ఈ మాటతో మీ రిజిస్ట్రేషన్ పోతుంది. తెలుసా అమ్మా?"

"తెలుసు సార్."

అప్పుడు అందరూ నా వైపు చూశారు. నేను నిజమో అబద్ధమో తేల్చుకోలేకపోయాను. నాలోని సూచన సరైనదే. తేదీ తప్పు. సంతకం అతనిదే. ఆ మాట అతని చెవిన పడిందో లేదో నాకు తెలియదు. ఒక్క వాక్యం, పైకి చదివితే ఎంతసేపు పట్టేది?

సంఘం కస్తూరి పేరును రెండేళ్లపాటు వృత్తి జాబితా నుంచి తీసేసింది. ఆమె అప్పీలు చేయలేదు. నన్ను బీరువాలో పెట్టారు. రాజవ్వ రెండుసార్లు వచ్చి, మొదటి నివేదికను మార్చమని అడిగింది. అది వేరే విభాగం పని, అర్జీ అక్కడ ఇవ్వాలి అన్నారు. ఆమెకు రాయడం రాదు కనుక ఆ అర్జీ కస్తూరే రాసిచ్చింది. ఇచ్చే ముందు నా బీరువాకు అవతలి వరండాలో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించింది.

అర్జీ ఇచ్చి పద్నాలుగు నెలలైంది. ఆ నివేదికలో ఓదెలు పేరు పక్కనున్న నిర్లక్ష్యం అన్న మాటను ఇంకా ఎవరూ కొట్టివేయలేదు.