గడియ తీయని సీను

నేను ఒక పరీక్ష అట్టను. విజయవాడలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. చెక్కపొట్టును జిగురుతో కలిపి, వేడిగా నొక్కి, పలకలా కోసి, నెత్తిన ఇనుప క్లిప్పు బిగించారు.

నన్ను మొదట కొనుక్కున్నది తెనాలిలో పదో తరగతి రాసిన విశ్వం. పరీక్ష తప్పినట్టు తెలిసిన రోజు, వాణ్ణి గడప తొక్కనివ్వొద్దని తండ్రి హుకుం జారీ చేశాడు. సాయంత్రం విశ్వం వచ్చి తలుపు తట్టాడు. అక్క భ్రమరాంబ నన్ను గుండెకు హత్తుకుని లోపలే నిలబడింది. తండ్రికి భయపడి గడియ తీయలేదు. కాసేపటికి తట్టడం ఆగిపోయింది. విశ్వం మళ్లీ ఆ ఇంటికి రాలేదు. నేను ఆమెకు మిగిలాను.

తండ్రి పోయాక భ్రమరాంబ హైదరాబాదు చేరింది. కృష్ణానగర్‌లో ఒక గది తీసుకుని పాతికేళ్లు సినిమాలకు మాటలు రాసింది. తెర మీద మాత్రం ఎప్పుడూ వేరేవాళ్ల పేరే పడేది. ఇలా రాసేవాళ్లను అక్కడ ఘోస్టులంటారు. నిజంగా దయ్యాలే అయితే భయానికైనా పేరు వేసేవారేమో.

యాభై దాటాక ఆమె సొంత కథ మొదలుపెట్టింది. పాతకాలపు మల్లంకొండ కోట, దాన్ని కాసే తిప్పరాజు. తాగుబోతు, నీడను కూడా నమ్మని మనిషి. శత్రువులు తరుముతుంటే తమ్ముడు పరుగెత్తుకొచ్చి కోట తలుపు బాదుతాడు. తిప్పరాజు భయంతో గడియ తీయడు. తమ్ముడు బయటే చచ్చిపోతాడు. మిగిలిన కథంతా ఆ పాపాన్ని మోస్తూ బతకడమే. ఆ ఒక్క సీనునే ఆమె పదకొండుసార్లు నా మీద పెట్టుకుని రాసింది.

నిర్మాత కేశవనారాయణ గారికి కథ నచ్చింది, ఆ సీను తప్ప.

“హీరో పిరికివాడేంటమ్మా? గడియ తుప్పు పట్టి ఇరుక్కుందని రాయండి. ఆయన లాగుతాడు, అది రాదు. జనం ఏడుస్తారు.”

“ఏడుస్తారు సార్. బయటికి రాగానే మర్చిపోతారు.”

మార్చకపోతే ఇంకొకరితో రాయిస్తానని, అప్పుడు ఆమె పేరు ఉండదని ఆయన నిదానంగా చెప్పారు. భ్రమరాంబ ఇంటికొచ్చి, తుప్పు సీను రాసి, కంప్యూటర్ సెంటర్‌లో కొత్త కాపీ కొట్టించింది. చేతిరాత కాపీ మాత్రం నా క్లిప్పు కిందే ఉండిపోయింది.

స్క్రిప్టు పూజ రోజు రెండూ పట్టుకెళ్లింది. కేశవనారాయణ గారికి సెంటిమెంట్లు ఎక్కువ. ప్రింటు కాగితానికి కళ ఉండదని, దేవుడి ముందు చేతిరాతే పెట్టాలని ఆయనే స్వయంగా నా మీది కట్ట లాగి, నాలుగు మూలలా పసుపు రాసి పటం ముందు పెట్టారు. పూజలో పెట్టిన కాపీనే హీరోకి చదివి వినిపించాలన్నది కూడా ఆయన ఆనవాయితీయే. అందులో ఏ సీను ఉందో ఆయన చూసుకోలేదు. దేవుడికి ఇచ్చేది మనుషులు పెద్దగా చదవరు.

పూజ అయ్యాక హీరో ఎదుట కూర్చుని భ్రమరాంబ చదవడం మొదలుపెట్టింది. కోట తలుపు దగ్గరికి వచ్చేసరికి విషయం అర్థమై నిర్మాత గారు గట్టిగా దగ్గారు. ఆమె ఆగింది. ప్రింటు కాపీ పక్కనే సంచిలో ఉంది. చెయ్యి సంచి దాకా వెళ్లి, వెనక్కి వచ్చింది. పసుపు కాగితమే తిప్పి, చివరిదాకా చదివింది.

హీరో ఆ పేజీ అందుకుని మరోసారి చదువుకున్నాడు. తర్వాత అడిగాడు.

“తమ్ముడు పిలుస్తుంటే తిప్పరాజు చెయ్యి ఎక్కడుంటుందండీ?”

“గడియ మీదే బాబూ. తీద్దామనే పెడతాడు. తీయలేడు.”

అతను తల వంచుకుని, తన చేతినే కాసేపు చూసుకున్నాడు.

“ఈ సినిమా నేను చేస్తున్నాను. ఈ సీను ముట్టుకోవద్దు సార్.”

“పసుపు పెట్టిన కాగితం నేనెందుకు ముట్టుకుంటానయ్యా” అన్నారు కేశవనారాయణ గారు, మొదటినుంచీ తన ఆలోచన అదే అయినట్టు. పెన్ను తీసి భ్రమరాంబకు ఆయనే అందించారు. కట్టను మళ్లీ నా మీద పెట్టుకుని, మొదటి పేజీలో పాతికేళ్లుగా ఖాళీ వదిలే చోట, ఆమె తన పేరు రాసుకుంది. ఆ పెన్ను ఒత్తిడి నా దాకా తెలిసింది.

షూటింగు చివరి రోజు సంబరంలో ఆమె నన్ను సెట్లో మర్చిపోయింది. ఇప్పుడు ప్రాపర్టీ గదిలో అట్ట కత్తులకూ, థర్మకోల్ బురుజులకూ మధ్య ఉన్నాను. సినిమా విడుదలైన వారానికి గది సర్దుతూ ఒకతను నన్ను చెత్తబుట్టలోకి ఎత్తాడు. ఆ గది చూసుకునే యాదగిరి అతని చెయ్యి పట్టుకున్నాడు.

“అరె, గా అట్ట పారెయ్యకు. తల్పు సీను రాసిన భ్రమరాంబ మేడమ్‌ది.”