తెర మీద తెలుపు

స్కానింగ్ గదిలో ఎప్పుడూ మసక వెలుతురే. పదిహేనేళ్లుగా అక్కడే పనిచేస్తున్న ఆమెకు బయటి ఎండ కంటే ఆ మసకే అలవాటు. మనుషుల లోపలి రూపాలు పొగమంచులోంచి వచ్చినట్టు తెర మీద తేలుతుంటే, నిద్రకూ మెలకువకూ నడుమ ఎక్కడో ఉన్నట్టుండేది.

ఆ మధ్యాహ్నం బల్ల మీద పడుకున్నది సొంత అక్క. దర్జీ పని చేస్తుంది. పదేళ్లుగా షుగరు. కుడి డొక్కలో బరువుగా ఉంటోందంటే డాక్టరు పంపింది.

“అబ్బ, చల్లగా ఉందే!” జెల్ రాయగానే అక్క ఉలిక్కిపడింది. కాసేపటికి యంత్రం సన్నటి రొదకు ఆమె కళ్లు మూతలు పడ్డాయి.

చెల్లెలు తెర వైపు తిరిగింది. మూత్రపిండం నల్లగా, దాని పైన బూడిదరంగులో ఉండాల్సిన కాలేయం పాలనురుగులా తెల్లగా. లోపలి రక్తనాళాల గీతలు కూడా ఆ తెలుపులో మునిగిపోయాయి. వందల మందిలో చూసిందే. అయినా అక్కది అనేసరికి చెయ్యి ఆగిపోయింది.

“ఏముందే?” కళ్లు తెరవకుండానే అడిగింది అక్క.

“కాలేయానికి కొవ్వు పట్టిందక్కా.”

అక్క గభాలున లేచి కూర్చుంది. “అది తాగుబోతుల జబ్బు కదే! దగ్గు మందుకే మొహం చిట్లిస్తాను నేను. నలుగురూ ఏమనుకుంటారు?”

చెల్లెలికి నవ్వొచ్చింది. “తాగక్కర్లేదు, షుగరు చాలు. ఇన్సులిన్ మాట ఒళ్లు వినకపోతే, దాచుకున్న కొవ్వంతా రక్తంలోకి వచ్చేస్తుంది. అది పోయి కాలేయంలో చేరుతుంది. పైగా ఎక్కువైన చక్కెరను కూడా కాలేయం కొవ్వుగా మార్చేస్తుంది. ఎంతని కరిగిస్తుంది పాపం? మిగిలింది తనలోనే పేర్చుకుంటుంది. నొప్పీ తెలీదు. అలాగే వదిలేస్తే...”

మాట ఆగిపోయింది. తన గొంతే ఎక్కడో దూరం నుంచి, ఎవరో తనకు చెబుతున్నట్టు వినిపించింది.

“వదిలేస్తే?”

“గట్టిపడిపోవచ్చు.” చెల్లెలు చేతిలోని పరికరం పక్కన పెట్టింది. “అక్కా, నాకూ షుగరుంది. పోయిన ఏడాది తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. మందులూ సరిగ్గా వేసుకోవడం లేదు.”

అక్క తిట్టలేదు. బల్ల దిగి, “పడుకో,” అంది. “ఆ పరికరం ఇలా ఇవ్వు.”

“నీకు రాదక్కా!”

“ముప్పై ఏళ్లుగా సూది పట్టిన చెయ్యే ఇది. ఎక్కడ పెట్టాలో చెప్పు.”

చెల్లెలు పడుకుని పక్కటెముకల కింద చోటు చూపించింది. ఊపిరి బిగబట్టగానే తెర మీద అదే తెలుపు మెల్లగా పరుచుకుంది. ఇద్దరూ దాన్నే చూశారు.

“ఒకే తాను ముక్కలం కదే,” అంది అక్క.

మర్నాడే చెల్లెలు డాక్టరుకు అంతా చెప్పింది. ఇద్దరికీ మందులు మారాయి. సాయంత్రాలు పని కాగానే కాలువ గట్టు వెంట గంటసేపు నడిచేవారు. మొదట్లో అక్క వంద అడుగులకోసారి ఆగి ఆయాసపడేది.

ఏడు నెలల తర్వాత మళ్లీ స్కాన్ చేస్తే, అక్క కాలేయం బాగా బూడిదరంగుకు తిరిగింది. చెల్లెలిది మాత్రం షుగరు తగ్గినా పెద్దగా మారలేదు.

“నీలాగే మొండిది,” అంది అక్క.

ఆసుపత్రి బయట సన్నగా తుంపర పడుతోంది. “ఇవాళ్టికి నడక మానేద్దామా?” అని చెల్లెలు అడిగేలోపే అక్క కాలువ వైపు రోడ్డు దాటేసింది.