రంపం కొరికిన కర్ర

రంపం బల్ల మీది పొట్టు దులిపి, బ్లేడు మీద మూత సరిగా పడిందో లేదో మళ్లీ చూసుకున్నాడు చేతుల తాత. బడి వర్క్‌షాపులో పనివాడు. ఆ పేరు పిల్లలు పెట్టిందే. గంట కొట్టగానే గుమ్మానికి అడ్డంగా నిలబడతాడు. ఒక్కొక్కరూ రెండు చేతులూ చాపి చూపిస్తేగాని బయటికి వదలడు. ఆయన ఎడమ చూపుడువేలి పై కణుపు కుర్రతనంలో పనిచేసిన కలప అడితిలోనే ఉండిపోయింది.

ఈరోజుతో ఉద్యోగం ఆఖరు. ఇన్నేళ్లలో ఈ గదిలో ఏ బిడ్డకీ వేలు తెగలేదు. ఈ ఒక్క పూటా గడిస్తే చాలు.

ఒక మూల అల్యూమినియం మీద ఆకురాయి కీచుమంటోంది. ఇంకో మూల పెట్టెల కోసం ప్లాస్టిక్ రేకును వేడిచేసి వంచుతున్నారు. ఒకడు చెక్కను చేత్తోనే రంపంలోకి తోయబోయాడు. తాత వెళ్లి వాడి చేతిలో తోపుడు కర్ర పెట్టాడు.

"రంపానికి చుట్టరికాలు తెలీవురా నాయనా."

గంట కొట్టింది. వరస కదిలింది. చివర్న, అందరూ పుల్ల అని పిలిచే పిల్ల కుడిచెయ్యి వీపు వెనక్కి పెట్టుకుంది.

"చెయ్యి."

"ఏం కాలేదు తాతా."

"కాకపోతే చూపించవే తల్లీ."

మణికట్టు పట్టుకుని మెల్లగా ముందుకి తెచ్చాడు. వేళ్ల మధ్య ఎరుపు. తాత కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. నెత్తురు కాదు. ఎర్ర ప్లాస్టిక్ ముక్క, బొటనవేలికీ చూపుడువేలికీ జిగురుతో అతుక్కుపోయి ఉంది.

"ఆరేదాకా వదలొద్దని మాస్టారన్నారుగా. వదల్లేదు."

"అతికించమన్నది పెట్టెకే. నీకు కాదు."

గోరువెచ్చని సబ్బునీళ్లలో ఆ చెయ్యి ముంచి పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి ముక్క తనంతట తానే ఊడి నీళ్లలో తేలింది. వేళ్లు ఒక్కొక్కటే ఒత్తి చూశాడు. అన్నీ ఉన్నాయి. గుండెల మీది బండ దిగినట్టు నవ్వొచ్చింది.

పిల్ల లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మరి మీవి?"

తాత రెండు చేతులూ చాపాడు. పిల్ల ఆయన పొట్టివేలు ముట్టుకుంది.

"ఇది పాతదేగా?"

"పాతదే."

"అయితే వెళ్లండి."

తాళంచెవి మాస్టారి చేతిలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

రంపం బల్ల మీద, కొసంతా రంపం పళ్లగాట్లతో, తోపుడు కర్ర ఉంది.