పట్టులో ఉన్నవాళ్ళ వంతు

ఆదివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆమె ఐదు కప్పులు కడిగి బోర్లించింది. నాలుగు భర్తకీ ఆయన స్నేహితులకీ. పిడి విరిగిన ఐదోది తనకి. ఇంట్లో విరిగినవన్నీ ఎవరూ పంచిపెట్టకుండానే ఆమె వాటాకి వస్తాయి, అదేం చిత్రమో! హాల్లో అప్పుడే కుర్చీల చప్పుడు, నవ్వులు. ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం ఇంటినిండా మనుషులే, ఆమెతో మాట్లాడే మనిషి మాత్రం ఒక్కరూ లేరు. "వదినా, టీ" అన్నదాన్ని మాట కింద లెక్కేస్తే తప్ప.

వాళ్ళు ఆడే ఆట పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. బల్ల చుట్టూ కూర్చుని ఒకడు వీరుడినంటాడు, ఒకడు మాంత్రికుణ్ణంటాడు. కథ నడిపేది, భూతాల తరఫున ఆడేది ఆయన. ఎవరి వంతు వస్తే వాళ్ళు ఏం చేస్తారో చెప్పి, ఇరవై ముఖాల పాచిక వేస్తారు. అంతే. బ్యాంకులో పనిచేసే మీసాలాయన అక్కడ కత్తివీరుడు, లెక్కల మాస్టారు మాంత్రికుడు, పళ్ళ డాక్టరేమో గాయాలు మాన్పే వైద్యురాలు.

నిరుడు ఆయన, "కళ్ళు లాగుతున్నాయి, ఆ ఆట నియమాలన్నీ పెద్దక్షరాల్లో తెలుగులో టైపు కొట్టిపెట్టు" అన్నాడు. ఆసుపత్రిలో రోజంతా రక్తపరీక్షలు చేసొచ్చి, సెలవురోజుల్లో కూర్చుని నలభై రెండు పేజీలు కొట్టింది. తర్వాత ఒక ఆదివారం వాళ్ళకేదో అనుమానం వస్తే ఆమె నోరు తెరిచింది. "టైపు కొట్టినంత మాత్రాన ఆట వచ్చేస్తుందా?" అన్నాడాయన అందరి ముందూ. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి ఖాళీ ప్లేటు తీసుకుని లోపలికెళ్ళింది. తనెందుకు నవ్విందో తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి ఒళ్ళు మండుతుంది.

ఆ పేజీలు ఆయన తిరగేయలేదు కానీ పంతొమ్మిదోది ఆమెకి కంఠతా వచ్చేసింది. భూతం ఒకసారి మనిషిని పట్టుకుందంటే, ఆ పట్టు నిలుపుకోవడానికి దానికి ఏ శ్రమా అక్కర్లేదు. దాని వంతు వస్తే హాయిగా ఇంకొకళ్ళని కొట్టుకోవచ్చు. పట్టుబడ్డ మనిషి కూడా అన్నీ చేయొచ్చు. కత్తి దూయొచ్చు, మంత్రం వేయొచ్చు, పక్కవాళ్ళ గాయాలు మాన్పొచ్చు. ఉన్నచోటు నుంచి కదలడం ఒక్కటే కుదరదు. విడిపించుకోవాలంటే తన వంతు మొత్తం అందుకే వాడాలి, ఆ వంతులో ఇంకెవరికీ ఏమీ చేసిపెట్టలేదు. అది కొట్టిన రోజున ఆమె చేతులు ఆగిపోయాయి. పెళ్ళయి పదకొండేళ్ళు. వంట చేసింది, ఉద్యోగం చేసింది, అత్తగారి మోకాళ్ళకి మందు రాసింది, మరిది పెళ్ళిపనులు నెత్తినేసుకుంది. అన్నీ చేస్తూనే ఉంది కాబట్టి తను పట్టులో ఉన్నట్టు ఎవరికీ కనబడలేదు. ఆమెకే కనబడలేదు.

పదిహేడు రోజుల కిందట ల్యాబు మేడం ఆమెని పిలిచి, పెద్ద ఊళ్ళో ఆరు నెలల శిక్షణకి పేరు రాస్తానంది. వచ్చాక విభాగం ఆమె చేతికే. ఆయనతో చెబితే, "చూద్దాంలే" అన్నాడు. మర్నాడూ అదే. అత్తగారు ఫోన్లో, "మరి వాడికి అన్నం ఎవరు పెడతారమ్మా?" అంది, ముప్ఫై తొమ్మిదేళ్ళ కొడుకు గురించి! మేడం ఇచ్చిన గడువు ఇవాళ సాయంత్రం ఆరు.

ఆమె టీ పట్టుకెళ్ళేసరికి హాల్లో గొడవ. పళ్ళ డాక్టరుకి జలుబట, రాలేదు. "నువ్వు కూర్చో, ఊరికే పాచిక వేస్తే చాలు" అన్నాడాయన. కూర్చుంది.

గంటన్నర గడిచాక సముద్రంలోంచి ఎనిమిది చేతుల భూతం లేచింది. ఆయన గొంతు లావు చేసి, "వైద్యురాలిని పట్టేసింది!" అన్నాడు. "సరే, తర్వాత మాస్టారు."

"నా వంతో?"

"పట్టులో ఉన్నావు కదా. పట్టులో ఉన్నవాళ్ళకి వంతేమిటి?"

"ఉంటుందండీ. పంతొమ్మిదో పేజీ చూడండి."

లెక్కల మాస్టారు కాగితాలు తిరగేసి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాడు. "ఓరి నీ! అయితే ఆరేళ్ళుగా నా మాంత్రికుణ్ణి అన్యాయంగా చంపుతున్నావన్నమాట!"

ఆయన మొహం మాడిపోయింది. "సరే, ఏం చేస్తావో చెప్పు."

"ఇంకేం చేస్తారు, నన్ను బాగుచేస్తారు" అన్నాడు మీసాలాయన. "మూడంటే మూడు పాయింట్ల ప్రాణం ఉంది. కానీండి వదినా."

ముగ్గురూ ఆమె వంకే చూస్తున్నారు, కూరలో ఉప్పు తగ్గినప్పుడు చూసినట్టు. "విడిపించుకుంటాను" అంది.

కనీసం పద్నాలుగు పడాలి. తొమ్మిది పడింది. భూతం మిగతా చేతుల్తో ఒక్కటిచ్చుకుంటే మీసాలాయన వీరుడు కుప్పకూలాడు.

"మేం చచ్చినా వదినగారికి పట్టదు!" అన్నాడు మీసాలాయన. నవ్వుతూనే అన్నాడు గానీ అలిగాడు.

"బంగారంలాంటి వంతు పాడుచేశావు" అన్నాడు భర్త. "ఈసారి బుద్ధిగా వాణ్ణి లేపు. విడిపించుకోవడం సంగతి తర్వాత చూద్దాంలే."

చూద్దాంలే. ఆ మాట వినగానే ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. గడియారం ఐదున్నర దాటింది. తన వంతు వచ్చేదాకా ఓపిగ్గా కూర్చుని, పాచిక చేతిలోకి తీసుకుంది.

"విడిపించుకుంటాను."

విసురుగా వేసేసరికి పాచిక బల్ల దాటి, దొర్లుకుంటూ పోయి బీరువా కిందికి దూరింది. ముగ్గురు మగవాళ్ళూ బోర్లా పడుకుని ఫోను లైట్లు వేసి వెతకసాగారు. ఆ ఇంట్లో వాళ్ళు నేలకి వంగడం ఆమె అదే మొదటిసారి చూడడం. నెమ్మదిగా లేచి, వంటింటి గట్టు మీదున్న ఫోను తీసుకుంది.

"మేడం, నేనే. నా పేరు రాసేయండి."

"సంతోషం అమ్మా. ఇంట్లో ఒప్పుకున్నారా మరి?"

"లేదు మేడం. ఇప్పుడు చెబుతాను."

ఫోను పెట్టేసింది. ఇంత పెద్ద మాట చెప్పుకోవడానికి ఇంట్లో ఒక్క మనిషీ లేడు. పిడి విరిగిన కప్పులో టీ చల్లారిపోయింది. అలాగే తాగేసింది.

హాల్లోంచి ఆయన కేక వినబడింది. "దొరికింది! రెండు పడింది, రెండే! ఇంకా పట్టులోనే ఉన్నావు!"

ఆమె గుమ్మం దాకా వచ్చింది. దుమ్ము అంటిన మోచేతులతో ఆయన ఇంకా నేలమీదే ఉన్నాడు.

"ఒకటో తారీఖున శిక్షణకి వెళ్తున్నానండీ" అంది. "ఆరు నెలలు."