ఉతికిన గొంగడి

నేను ఒక నల్ల గొంగడిని. పుట్టుక చెప్పుకోవాలంటే నాకు పన్నెండు మంది తల్లులు. మెదక్ వైపు ఒక పల్లెలో పన్నెండు నల్లగొర్రెల ఉన్ని కత్తిరించి, వడికి, చింతగింజల గంజి పట్టించి నన్ను నేశారు. కురుమ ఐలయ్య ముప్పై ఏళ్లు నన్ను భుజాన మోశాడు. ఆయన పోయాక కొడుకు ఓదెలు భుజానికెక్కాను. వానకు గొడుగు, నడుం వాలిస్తే పరుపు. ఇంత చాకిరీ చేసినా నన్నెవరూ ఉతకలేదు. నాకు ఫిర్యాదూ లేదు. మందలో ప్రతి గొర్రెకూ నా వాసన తెలుసు. అది పడనిది మనుషులకే.

ఊళ్లో అందరూ మాంసం ఎక్కువ తూగే ఎర్రగొర్రెలకు మారారు. ఓదెలు మారలేదు. పదకొండు నల్లగొర్రెలు, ఒక్క పొట్టేలు. మాఘంలో ఆ పొట్టేలు పాము కరిచి చచ్చిపోయింది. చుట్టుపక్కల అలాంటిది మరొకటి లేదు. పది గొర్రెలు ఈనాయి. పదీ ఆడపిల్లలే. ఇక చూడితో మిగిలింది చుక్కగొర్రె ఒక్కటే. దానికి మగపిల్ల పుట్టకపోతే నల్లమందకు అదే ఆఖరు.

మోదుగులు విరగబూసిన ఒక ఉదయం చుక్కగొర్రె ఈనింది.

మగపిల్ల! కారునలుపు!

ఓదెలు దండెం మీదున్న నన్ను లాగి, పిల్లను గబగబా తుడిచి తల్లి ముందు పెట్టాడు. తల్లి మూతి చాచింది. వాసన చూసింది. తల వంచి పిల్లను ఒక్క కుమ్ము కుమ్మింది.

మళ్లీ పెట్టాడు. మళ్లీ కుమ్మింది.

ఓదెలు నన్ను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గుప్పుమని మల్లెపూల వాసన.

"శిరీషా! గొంగడికి ఏం జేసినవ్ బిడ్డా?"

పెళ్లయి నెల తిరగని కోడలు పరుగెత్తుకొచ్చింది. "నిన్న ఉతికిన మామా. రెండు పాకెట్ల సబ్బుపొడి పట్టింది. ఎంత మురికో!"

"మురికి గాదు బిడ్డా, అది మంద ఆనవాలు. ఇప్పుడు తల్లి ముక్కుకు ఇది పిల్ల గాదు, సబ్బుబిల్ల!"

ముర్రుపాలు తాగకపోతే సాయంత్రానికి పిల్ల దక్కదు. ఆ సంగతి కోడలికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

శిరీష ఏడవలేదు. నన్ను లాక్కుంది. గొర్రె ఈనిన చోట ఉమ్మనీటితో తడిసిన గడ్డి మీద పరిచి, మోకాళ్లతో తొక్కి, అటూ ఇటూ పొర్లించింది. కొత్తచీర బురదయింది. ఆ తడితోనే పిల్లను తల నుంచి తోక దాకా రుద్దింది.

"తల్లిని గట్టిగ పట్టు మామా."

తల్లి మూతి చాచింది. ఓదెలు ఊపిరి బిగబట్టాడు. నేనూ బిగబట్టాను. నాలుక బయటికొచ్చింది. ఒకసారి నాకింది. ఆపై ఇక ఆపలేదు. పిల్ల తడబడుతూ లేచి పొదుగు వెతుక్కుంది.

"ఈ ఉపాయం ఎవరు జెప్పిన్రు బిడ్డా?"

"ఎవరు జెప్తరు మామా? పోగొట్టిన వాసన ఏడ దొరుకుతదో ఆడికే పోయిన."

ఓదెలు కళ్లు తుడుచుకుని, నన్ను తీసి ఆమె భుజాన వేశాడు. మా ఇంట్లో గొంగడి ఆడవాళ్ల భుజమెక్కడం అదే మొదలు.

రెండేళ్లయింది. ఆ మగపిల్ల పొట్టేలయింది. మొన్న నాలో ఒక చిరుగు పడితే, ఆ పొట్టేలు ఉన్నితోనే శిరీష దాన్ని అల్లి పూడ్చింది. నేను ఒళ్లు తుడిచిన పిల్ల ఇప్పుడు నా ఒంట్లోనే ఉంది. ఇంతకంటే నాకేం కావాలి?

సబ్బుపొడి మాత్రం ఆమె నా దరిదాపులకు రానివ్వదు.