మూత తీసే అలవాటు

సొంత అక్కను నోరెత్తకుండా చెయ్యగలగడం పళ్ల డాక్టరుకు బతుకులో ఇదే మొదటిసారి. ఆమె దవడపన్ను పీకిన గుంటలో కట్టుగుడ్డ కుక్కి, వేలితో నొక్కి పట్టుకున్నాడు. అయినా సంతోషించే పరిస్థితి లేదు. గుడ్డ మార్చిన ప్రతిసారీ ఎర్రగా తడిసే వస్తోంది.

"అమ్మా, పొద్దున మాత్ర గానీ వేసుకున్నారా?" పక్కనున్న నర్సు అడిగింది.

అక్క అవునని తలూపింది. అది ఆమె గుండెజబ్బుకి వాడే మాత్ర, రక్తంలోని థ్రాంబిన్‌ను కట్టిపడేస్తుంది. రక్తంలో కరిగి తిరిగే ఒక ప్రొటీన్‌ను దారాలుగా మార్చి, గాయం మీద వల అల్లించేది ఆ థ్రాంబినే. అందుకే గుండె డాక్టరుతో మాట్లాడి మరీ, ఈ ఒక్క పూట మానమని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

"అంబులెన్సు పిలవమంటారా సార్?"

"పిలువు. ముందు ఆ థ్రాంబిన్ సీసా ఇలా ఇవ్వు."

మందులో తడిపిన స్పంజి గుంటలో పెట్టి నొక్కాడు. ఉండబట్టలేక కాసేపటికే ఎత్తి చూశాడు. అప్పుడప్పుడే కడుతున్న గడ్డ స్పంజితోపాటు ఊడొచ్చింది. మళ్లీ నెత్తురు. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఈ అక్కే. ఇప్పుడు ఆమె పెదాలు పాలిపోతున్నాయి.

ఇంకో స్పంజి పెట్టాడు. వేలు మళ్లీ కదలబోయింది. అక్క ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుని కళ్లెర్రజేసింది. చిన్నప్పుడు అన్నం ఉడికిందో లేదోనని ఆయన మాటిమాటికీ గిన్నె మూత తీస్తుంటే ఇలాగే చూసేది.

ఇక తియ్యలేదు. లోపల దారాలు అల్లుకుంటున్నాయో తెగిపోతున్నాయో తెలియదు. వేలు తిమ్మిరెక్కింది. ఉన్నట్టుండి అక్క పట్టు సడలింది, కళ్లు మూతపడ్డాయి. ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. అయినా వేలు తియ్యలేదు.

"నాడి చూడు!"

"బాగానే ఉంది సార్. అలసిపోయినట్టున్నారు."

వీధిలో అంబులెన్సు కూత వినిపించాకే స్పంజిని తడిపి, మెల్లగా వదులు చేసి తీశాడు. గుంటలో ముదురెరుపు గడ్డ కదలకుండా కూర్చుంది. నెత్తురు ఆగింది.

"ఒక్క పూట మానమంటే మానలేవా అక్కా? నీకు చెప్పడం కన్నా గోడకి చెప్పుకోవడం నయం!"

అక్క ముద్దముద్దగా అంది. "మానేస్తే గుండె ఆగిపోతుందేమోనని భయమేసిందిరా. నీ చేతుల్లో పోయాననుకో, ఆ తర్వాత నువ్వు బతుకుతావా?"

ఆయన ఆమె గడ్డం మీది నెత్తురు తుడిచాడు. గడ్డ నిలిచిందో లేదో ఇంకోసారి చూడబోయి, ఆమె నోటి దాకా వెళ్లిన వేలు వెనక్కి తీసుకున్నాడు.