చెయ్యెత్తని మనిషి

తాళంచేతుల గుత్తితో మూడు గదుల తలుపులు టకటకలాడించిన జక్కయ్య, నాలుగో గది దగ్గరికొచ్చేసరికి గుత్తిని జేబులో వేసుకుని వేళ్లతో మెల్లగా తట్టాడు. ఆ గదిలో ఒకడికి నిన్నటి నుంచీ జ్వరం.

"లేవండ్రా, అయిదైంది. జ్వరం వచ్చినవాణ్ణి మాత్రం పడుకోనివ్వండి."

కుడి మోకాలు అరిగిపోయి కాలు కాస్త ఈడుస్తాడు. ఆ రబ్బరు చెప్పుల చప్పుడుకే సగంమంది పిల్లలు లేచి కూర్చుంటారు. వయసు యాభై ఏడు. నెలకోసారి జుట్టుకు రంగు వేస్తాడు, చెవుల పక్కన మాత్రం మరిచిపోతాడు. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒక విజిల్. విజయవాడలో పేరున్న జూనియర్ కాలేజీ హాస్టల్‌కి నాలుగో అంతస్తు ఇన్‌చార్జి అంటే అంతే మరి. నీళ్లు రాకపోయినా, సాక్సు పోయినా, ఎవడైనా ఇంటి మీద బెంగతో అన్నం మానేసినా జక్కయ్యే దిక్కు. డిగ్రీలో లెక్కలు చదివాడు. పెడనలో ఇంటి మగ్గాలు మూలపడ్డాక, మాస్టారు ఉద్యోగం దొరక్కపోతుందా అని ఊరు వదిలి వచ్చాడు. దొరికింది ఇది. పద్దెనిమిదేళ్లయింది.

అతనికి ఒకే ఒక గర్వం ఉంది. ఈ పద్దెనిమిదేళ్లలో ఒక్క పిల్లాడి మీదా చెయ్యెత్తలేదు. కింది అంతస్తుల్లో ప్లాస్టిక్ పైపులు విరిగేవి, బెల్టులు తెగేవి. నాలుగో అంతస్తులో కర్రముక్క కూడా ఉండేది కాదు. చిన్నప్పుడు పోగు తప్పితే వాళ్ల నాన్న మగ్గంలో పోగును అటూ ఇటూ పరుగెత్తించే కొయ్య నాడె తీసి వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. చలికాలంలో ఆ కణుపులు ఇప్పటికీ సలుపుతాయి. 'నేను మాత్రం కొట్టనే' అని భార్య సుబ్బరత్నంతో పెళ్లయిన కొత్తలోనే చెప్పాడు, మాట నిలబెట్టుకున్నాడు కూడా.

మరి చదువు ఎలా వస్తుంది? దానికి అతని దగ్గర ఓ పద్ధతి ఉంది.

ఆరింటికి స్టడీ హాల్లో అరవైమంది కూర్చున్నాక కుర్చీలో సర్దుకుని ఒకణ్ణి లేపాడు. "సైన్ టూ ఏ ఎంత?" వాడు నీళ్లు నమిలాడు. పక్కవాణ్ణి లేపితే గడగడా చెప్పాడు. చెప్పినవాడు చెప్పలేనివాడి వైపు తిరిగి చెంప మీద ఒకటి ఇచ్చాడు. చప్పుడు సరిగ్గా రాలేదు.

"మెల్లగా కొడితే లెక్కలోకి రాదు నాయనా," అన్నాడు జక్కయ్య, మజ్జిగ వడ్డించేవాడంత శాంతంగా. "నువ్వు కొట్టకపోతే, ఎలా కొట్టాలో వాడు నీకు చూపిస్తాడు."

రెండోసారి చప్పుడు వచ్చింది. పిల్లలు పుస్తకాల్లోకి తల దించారు. ఏ ఏడు చూసినా మార్కుల్లో నాలుగో అంతస్తే ముందుంటుంది.

పదింటికి ప్రిన్సిపల్ గారు కిందికి పిలిపించారు. పిలుపు ఎందుకో జక్కయ్యకి తెలుసు. వారం కిందట బట్టలు ఉతికే కుళాయి దగ్గర స్టీఫెన్ అనే కుర్రాడు మణిదీప్ తల మీద నీళ్లున్న బకెట్ ఎత్తి కొట్టాడు. ఏడు కుట్లు పడ్డాయి, ఒక చెవి వినపడటం లేదు. ఇద్దరిదీ పామర్రు పక్క ఊరే, చదివింది ఒకే బడి. జూన్‌లో చేరినప్పుడు ఒకే బకెట్, ఒకే ఆవకాయ సీసా. మణిదీప్ చురుకైనవాడు, స్టీఫెన్ నిదానం. కాబట్టి స్టడీ హాల్లో రోజూ చెప్పేది మణిదీప్, చెంప చూపించేది స్టీఫెన్. మొదటి వారం మణిదీప్ కళ్లనీళ్లు పెట్టుకుని కొట్టాడు. రెండో నెలకి చెయ్యి అలవాటు పడింది.

"స్టీఫెన్ వాళ్ల అమ్మ టీసీకి వచ్చింది," అన్నారు ప్రిన్సిపల్. "కేసు లేకుండా అవతలివాళ్లకి సర్దిచెప్పాం. మీరు ఇన్‌చార్జిగా నాలుగు ముక్కలు రాసివ్వండి. కుర్రాడు దుడుకువాడు, ముందునుంచీ అంతే అని. దాన్నిబట్టి ప్రవర్తన దగ్గర ఏం రాయాలో రాస్తాం."

"అలా రాస్తే ఇంకో కాలేజీలో చేర్చుకోరు కదండీ."

"మన కాలేజీ పేరు కూడా చూసుకోవాలిగా జక్కయ్య గారూ."

జక్కయ్య రాశాడు. గుండ్రటి చేతిరాత అతనిది. 'స్వతహాగా కోపిష్ఠి. రెచ్చగొట్టినవారెవరూ లేరు.' సంతకం కింద గీత కూడా గీశాడు.

వరండా బెంచీ మీద అమలమ్మ కూర్చునుంది. నాట్లు మధ్యలో వదిలి వచ్చినట్టుంది, గోళ్లలో బురద ఇంకా పోలేదు. పక్కన ట్రంకుపెట్టె, పరుపు చుట్ట, వాటి అవతల స్టీఫెన్. జక్కయ్యని చూడగానే తల్లీకొడుకులిద్దరూ లేచారు.

"సారూ, రోజూ దగ్గరుండి చూసేవోరు మీరు. మావోడు ఇంటికాడ కోడిపిల్లని కూడా అదిలించడండి. ఈడికి ఇంత కోపం ఏడనుంచి వచ్చిందండి?"

"వయసమ్మా. ఈ ఫోన్లూ, ఆ సినిమాలూ..." అన్నాడు జక్కయ్య. హాస్టల్లో ఫోనుండదన్న సంగతి అన్నాక గుర్తొచ్చింది.

"కోపం కాదమ్మా," అన్నాడు స్టీఫెన్. ఫిర్యాదులా కాదు, లెక్క విడమరిచి చెబుతున్నట్టు. "కుళాయి దగ్గర మణిగాణ్ణి సబ్బు అడిగాను. ఫార్ములా చెబితే ఇస్తానన్నాడు. రాలేదు, కొట్టాడు. ఇక్కడ సార్ లేరు కదరా అన్నాను. నవ్వి మళ్లీ కొట్టాడు. అప్పుడు నేనూ కొట్టాను."

"అంత గట్టిగానా అయ్యా?"

"మెల్లగా కొడితే లెక్కలోకి రాదమ్మా." వాడు జక్కయ్య వైపు చూశాడు. "కదండీ సార్?"

జక్కయ్యకి సిగ్గేసింది, ఇంత వయసొచ్చాక వేయాల్సినంత సిగ్గు వేసింది. నాన్న తన చేత్తోనే కొట్టేవాడు. తనకి ఆపాటి నిజాయితీ కూడా లేకపోయింది.

వెనక్కి తిరిగి ఆఫీసులోకి వెళ్లి, తన కాగితం అడిగి తీసుకుని, రాసిన రెండు వాక్యాలూ కొట్టేశాడు. కింద రాశాడు: 'ఈ పిల్లవాణ్ణి జూన్ నుంచి రోజూ స్నేహితుడిచేత కొట్టించింది నేను. గట్టిగా కొట్టమని నేర్పింది నేను. హాల్లో అరవైమంది సాక్షులు.'

ప్రిన్సిపల్ అది రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది బయటికి పోదండీ. మీరూ ఇక్కడ ఉండరు."

"పిల్లాడి ప్రవర్తన సంగతి తేల్చండి. నేను పోతాను."

కాగితం నాలుగు ముక్కలై చెత్తబుట్టలో పడింది. టీసీలో 'సంతృప్తికరం' అన్న మాట పడింది. తాళంచేతుల గుత్తి బల్ల మీద పడింది. పది నిమిషాలు కూడా పట్టలేదు.

అమలమ్మ ఆ టీసీ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుంది. "మంచిగానే రాశారా సారూ?"

"మంచిగానే రాశారమ్మా. వీడి కోపం ఎక్కడిదని అడిగావే, అది నా దగ్గర్నుంచే. నేనే కొట్టించాను రోజూ."

ఆమె తిట్టలేదు. కాగితం మడిచి జాకెట్లో దోపుకుంది. "పామర్రు బస్సుకి టైమవుతంది, పదరా," అంది కొడుకుతో.

ట్రంకు ఎత్తుకోబోతున్న పిల్లాడి తల నిమరాలనిపించి జక్కయ్య చెయ్యి ఎత్తాడు. స్టీఫెన్ చటుక్కున కళ్లు మూసుకుని చెంప పక్కకి తిప్పి నిలబడ్డాడు. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

వాళ్లు గేటు దాటాక పైకెక్కి తన గుడ్డసంచీ సర్దుకున్నాడు. రెండు జతల బట్టలు, మోకాలికి రాసుకునే నూనె, సుబ్బరత్నం ఇచ్చిన కారప్పొడి డబ్బా. ఆఫీసులో లెక్కలు తేలి బయల్దేరేసరికి సాయంత్రమైంది. అయిదింటి స్టడీ అవర్‌కి ఇంకా కొత్త ఇన్‌చార్జి రాలేదు. వరండాలో నడుస్తుంటే హాల్లోంచి చప్పుడు వినపడింది. గుమ్మంలోంచి చూశాడు. కుర్చీ ఖాళీగా ఉంది. దాని పక్కన పొద్దున దెబ్బ తిన్న కుర్రాడే నిలబడి ఎవణ్ణో లేపి ఫార్ములా అడుగుతున్నాడు. గొంతు కూడా జక్కయ్యదే, అంత శాంతంగానూ ఉంది.

"ఆపండ్రా!"

ఆపారు. అరవైమందీ లేచి నిలబడి, సార్ ఏ ఫార్ములా అడుగుతారా అని ఎదురుచూశారు. అడగటానికి ఏమీ లేదు.

"కొట్టుకోకండ్రా," అన్నాడు చివరికి. "ఎవరు చెప్పినా కొట్టకండి."

"సరే సార్," అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

మెట్ల దాకా వెళ్లేసరికి వెనక మళ్లీ చప్పుడు. మొదటిది మెల్లగా, రెండోది సరిగ్గా.

మెట్ల పక్కన కారే కుళాయి కింద ఎవరో అంచు పగిలిన నీలం బకెట్ పెట్టారు, దాని మీద తెల్ల రంగుతో ఒకే చేతిరాతలో రెండు పేర్లున్నాయి, స్టీఫెన్, మణిదీప్.